మండని చెయ్యి

మనోజ్ఞకు పొద్దుటి నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. కూచుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే నడవాలనిపిస్తోంది. జిల్లా కోర్టు వరండా ఈ కొస నుంచి ఆ కొసకు ఎన్నిసార్లు తిరిగిందో ఆమెకే తెలియదు. పదకొండు దాటింది, పిలుపు లేదు. కోర్టు పనంటే అంతే మరి. పదింటికల్లా రమ్మంటారు, పిలిచేవేళకు మనిషి సగం ఎండిపోతాడు.

బల్లమీద తండ్రి వెంకటరామారావు కూచున్నాడు. పక్కన అన్నయ్య జయప్రకాశ్, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, నున్నగా గీసిన గడ్డం. చూసినవాళ్లు పెళ్లిచూపులకు బయల్దేరాడనుకుంటారు గానీ బెయిలు మీద ఉన్న మనిషంటే నమ్మరు. మీద ఉన్నది హత్య కేసు. అతనూ, ఊళ్లో మరో ముగ్గురూ కలిసి జంపయ్య అనే గుత్తికోయ గిరిజనుణ్ణి, మిరపకాయలేరే కూలీని, కరెంటు స్తంభానికి కట్టేసి కొట్టారు. చీకటి పడగానే కట్టేశారు, అంబులెన్సు వచ్చేసరికి ప్రాణం లేదు. ఎందుకు కొట్టారంటే చెల్లెలి మీద చెయ్యేశాడని. ఆ చెల్లెలు మనోజ్ఞే.

వరండా ఆ కొసన జంపయ్య భార్య ముత్తక్క ఉంది. బల్ల ఖాళీగా ఉన్నా నేలమీదే కూచుంది. కింద కూచోమని ఆమెకు ఎవరూ చెప్పలేదు, పైన కూచోమని కూడా ఎవరూ చెప్పలేదు. రెండేళ్లుగా ప్రతి వాయిదాకూ అడవి దారిన నడిచి, రెండు బస్సులు మారి వస్తోంది. మనోజ్ఞ నడక ఆమె దాకా వెళ్లేముందే ప్రతిసారీ వెనక్కి తిరిగిపోతోంది.

ఖమ్మం నుంచి తెచ్చిన పెద్ద వకీలు మనోజ్ఞకు నాలుగు ముక్కలు నేర్పాడు. చేలోంచి వస్తున్నాను, వెనక నుంచి నోరు మూశాడు, పెనుగులాడి తప్పించుకున్నాను, అతను జంపయ్యే. అంతకుమించి ఒక్క మాట వద్దన్నాడు. చెల్లెలికి అంత అన్యాయం చేసినవాణ్ణి కళ్లముందు చూస్తే ఏ అన్నకైనా ఒళ్లు తెలుస్తుందా అన్నది ఆయన వాదన. అది నిలబడితే జయప్రకాశ్ కొన్నేళ్లతో బయటపడొచ్చు, లేకపోతే యావజ్జీవం. ఇంట్లో వదిన ఒళ్లో ఏడు నెలల పాప ఉంది.

ఆ వకీలే పోయిన వాయిదాలో ఇంకో మాటా అన్నాడు. ఈ గుత్తికోయలు పక్క రాష్ట్రం నుంచి వలస వచ్చినవాళ్లట, ఇక్కడ గిరిజనులని వాళ్లకు కాగితమే లేదట, కాబట్టి గిరిజనుల మీద దాడుల చట్టం ఈ కేసుకు వర్తించదట. ఎంత తెలివి! స్తంభానికి కట్టేటప్పుడు అడివోడు, కోర్టుకొచ్చేసరికి కాడు. తిట్టడానికి పనికొచ్చిన జాతి చట్టానికి పనికిరాకుండా పోయింది.

అది రెండేళ్ల కిందటి ఫిబ్రవరి. చిన్నప్పటి నుంచీ హాస్టళ్లలోనే పెరిగిన మనోజ్ఞ డిగ్రీ ముగించుకుని అప్పుడే ఇంటికొచ్చింది. ఆ సాయంత్రం మోటారు షెడ్డు పక్క బాటలో వస్తుంటే వెనక నుంచి ఒక చెయ్యి నోరూ ముక్కూ కలిపి మూసేసింది. జామాయిల్ తోటలోకి ఈడ్చింది. కాళ్లు విసిరింది, రక్కింది, పెదవి చిట్లింది. ఇంతలో బాటమీద ఎవరిదో బండి చప్పుడైతే ఆ మనిషి వదిలేసి పరుగెత్తాడు. మొహం చూడలేదు. చూడలేదని ఇంటికి రాగానే చెప్పింది కూడా, వింటే కదా! ఇంకెవరు, ఆ గుత్తికోయోళ్లే అయ్యుంటారని ఎవరో అన్నారు, అంతే, నిమిషంలో అది ఊరి మాటైపోయింది. ఆ ఊళ్లో మేక తప్పిపోయినా వాళ్లే, మోటారు వైరు పోయినా వాళ్లే. కాయ ఏరడానికి మాత్రం వాళ్లే కావాలి, ట్రాక్టరు పంపి మరీ పిలిపించుకుంటారు.

పావుగంటలో జంపయ్యను పట్టుకొచ్చారు. పొద్దుటి నుంచి వెంకటరామారావు చేలోనే కాయ ఏరిన మనిషి. గుడిసె ముందు పొయ్యి రాజేసుకుంటుంటే లాక్కొచ్చారు. బండి లైటు వెలుగులో నిలబెట్టి జయప్రకాశ్ అడిగాడు.

"వీడేనా చెల్లీ?"

మనోజ్ఞ తలూపింది. ఒక్కసారే ఊపింది.

విచిత్రమేమిటంటే, ఆ తర్వాత దాదాపు రెండేళ్ల దాకా ఆమెకు నిద్ర బాగానే పట్టింది. అంతమంది అంటున్నారు, అతనే అయ్యుంటాడనుకుంది. పోలీసులకు అదే చెప్పింది, సంతకం పెట్టింది. ఆ నిద్ర ఈ జనవరిలో పోయింది. గుత్తికోయల గూడెం నుంచి మనోజ్ఞ వాళ్ల చేలోకి ఇక ఎవరూ రావడం లేదు. కూలీలు దొరక్క ఇంటిల్లిపాదీ కల్లంలో దిగి, తెల్లబడ్డ తాలుకాయ ఏరాల్సి వచ్చింది. మనోజ్ఞ కూడా ఒక పూట ఏరింది. చేతులు సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుంది. ఆ తర్వాత అలవాటుగా మూతి తుడుచుకుంది. ఇక చూడాలి ఆ మంట! పెదాలు, ముక్కు, కళ్లు, అన్నీ అంటుకున్నాయి. పిల్ల గెంతులేస్తుంటే నాయనమ్మ బుల్లెమ్మ పెరుగు గిన్నె పట్టుకుని పరుగెత్తుకొచ్చింది, మొహాన పూస్తూ తిట్టింది. కాయ ముట్టిన చెయ్యి నీళ్లకు లొంగదే పిచ్చిదానా, ఏరేవాళ్లు రెండు రోజుల దాకా పసిబిడ్డ మొహం కూడా తాకరు, ఆపాటి తెలియదా అంది.

తెలియదు. పదెకరాల మిర్చి రైతు కూతురు, ఇరవైరెండేళ్లొచ్చాయి, మిరపకాయ తినడమే తెలుసు. ఏరడం ఎప్పుడూ ఇంకొకరి పని. పెరుగు కారుతున్న మొహంతో అక్కడే కూలబడిపోయింది. ఆ సాయంత్రం తన నోరు మూసిన చెయ్యి మండలేదు. చిట్లిన పెదవి మీద కూడా మండలేదు. రోజంతా కాయ ఏరిన చెయ్యి కాదది.

రెండు రోజులు మింగలేక కక్కలేక తిరిగి, మూడో రోజు తండ్రికి చెప్పింది. వెంకటరామారావు మూర్ఖుడు కాదు, మిర్చి సంగతి ఆయనకు ఒకరు చెప్పాలా? సగం వినేసరికే ఆయన మొహం పాలిపోయింది.

"కడుపు చించుకుంటే కాళ్లమీద పడుద్దమ్మా," అన్నాడు. "పోయినోడు ఎటూ రాడు. ఉన్నోణ్ణి చంపకు."

అప్పటి నుంచి ఈ రోజు దాకా ఆ మాటే ఆమెను కూచోనివ్వడం లేదు, నిలబడనివ్వడం లేదు. చెబితే అన్న పోతాడు. చెప్పకపోతే, చచ్చిపోయిన మనిషి ఆడపిల్ల మీద పడ్డవాడుగానే కాగితాల్లో మిగిలిపోతాడు. జంపయ్యకూ ఒక కూతురుందని పోయిన వాయిదాలోనే తెలిసింది. ముత్తక్క వెంట తీసుకొచ్చింది, ఐదేళ్లుంటాయి.

బంట్రోతు పేరు పెట్టి పిలిచాడు. మనోజ్ఞ బోనెక్కి ప్రమాణం చేసింది. పెద్ద వకీలు ఎంతో ముద్దుగా, అమ్మా తల్లీ అంటూ అడిగాడు. మూడు ముక్కలూ అప్పజెప్పినట్టు వచ్చేశాయి. నాలుగోది, ఆ మనిషి జంపయ్యేనా అన్నప్పుడు, అవునని పోలీసులకు చెప్పానండి అంది. అబద్ధం కాదు, నిజమూ కాదు. వకీలుకు చాలు. తృప్తిగా కూచున్నాడు.

తర్వాత ప్రభుత్వం తరఫు వకీలు షబ్రీన్ లేచింది. చురుకైన మనిషే. వెలుగు ఎంత ఉంది, మొహం చూశారా, చూడకపోతే ఎలా పోల్చారు అని గుచ్చి గుచ్చి అడిగింది. ఒడ్డూ పొడుగూ బట్టి పోల్చానని మనోజ్ఞ నేర్పిన జవాబే చెప్పింది. మొహం మండిందా అని ఇప్పుడడుగుతుంది, ఇప్పుడడుగుతుంది అనుకుంది. అడగలేదు. టౌన్లో పుట్టి పెరిగిన పిల్ల, మిరపచేను మొహం ఎప్పుడు చూసిందని అడుగుతుంది? కాగితాలు సర్దుకుని కూచుంది. ఇక వెళ్లొచ్చమ్మా అన్నాడు జడ్జి.

గండం గడిచినట్టే. తండ్రి భుజాలు కిందికి దిగాయి. బోనుకు మూడు మెట్లున్నాయి, దిగితే ఇంటికి పోవచ్చు. మనోజ్ఞ దిగలేదు. బోను కర్రను పట్టుకున్న చేతులు వదలడం లేదు. ఏమ్మా, ఒంట్లో బాగాలేదా అని జడ్జి అడిగాడు.

"ఒక్క మాట సార్. నన్ను ఎవరూ అడగలేదు," అంది. "జంపయ్య ఆ రోజంతా మా చేలో కాయ ఏరిండు. కాయ ఏరిన చెయ్యి మొహానికి తగిలితే మండుద్ది సార్. నా మొహం మండలే. నా నోరు మూసింది ఆయన కాదు."

టైపు కొడుతున్నావిడ వేళ్లు ఆగిపోయాయి. పెద్ద వకీలు ఎగిరి లేచాడు. ఇందాకటి అమ్మా తల్లీ ఎటుపోయాయో గానీ, సాక్షి అడ్డం తిరిగిందన్నాడు, పోలీసులకు ఒకటి చెప్పి ఇక్కడొకటి చెబితే జైలుకు పోతావని బెదిరించాడు. చేతులు కడుక్కుని ఉండొచ్చు కదా అని గద్దించాడు.

"కడిగితే పోదండి," అంది మనోజ్ఞ. "మీ ఇంట్లో వంట చేసేవాళ్లను అడగండి."

జడ్జి ఆయన్ను కూచోమన్నాడు. కళ్లద్దాలు తీసి ఆమెకేసి చూశాడు.

"మరి ఆ రోజు ఎందుకు తలూపావమ్మా?"

ఈ ప్రశ్నకు ఎవరూ జవాబు నేర్పలేదు. మనోజ్ఞ అన్నకేసి చూసింది. జయప్రకాశ్ నిందితుల బోనులోంచి వద్దన్నట్టు కళ్లతోనే బతిమాలుతున్నాడు. చిన్నప్పుడు సైకిలు నేర్పిన అన్న, హాస్టలుకు సున్నుండలు మోసుకొచ్చిన అన్న. ఆమెకు కన్నీళ్లు ఆగలేదు.

"ఆ చేతికి ట్రాక్టరు నూనె వాసనొచ్చింది సార్. గుత్తికోయోళ్లకు ట్రాక్టర్లు లేవు. ఈయన కాదంటే మరెవరని అడుగుతరు. ఇక మా ఊరోళ్లే మిగులుతరు. అందుకని ఊపిన."

ఆ మాట బయటికొచ్చేదాకా అది తనలో ఉందని ఆమెకే తెలియదు. రెండేళ్లూ దాన్ని అడుక్కి తొక్కిపెట్టి నిద్రపోయింది. జయప్రకాశ్ తల వంచుకున్నాడు. జడ్జి అంతా రాయించి వాయిదా వేశాడు.

వరండాలోకి వచ్చేసరికి తండ్రి కారు దగ్గరున్నాడు. ఆమెను చూశాడు. తిడతాడనుకుంది, తిట్టినా బాగుండేది. డోరు వేసుకున్నాడు, కారు గేటు దాటి వెళ్లిపోయింది. ఇక ఇంటికెలా పోవాలో, అసలు ఏ ఇంటికి పోవాలో తెలియలేదు. మనసు విరిగిపోయింది, అయినా పొద్దుటి నుంచి మొదటిసారి కాళ్లు ఒకచోట నిలిచాయి.

కోర్టు గదిలో వెనక నిలబడి అంతా విన్న ముత్తక్క దగ్గరకొచ్చి నిలబడింది. మనోజ్ఞ ఆమె కాళ్లమీద పడబోతే వెనక్కి జరిగింది. కోపమో, దుఃఖమో ఆ మొహంలో పోల్చడం కష్టంగా ఉంది.

"ఆ పొద్దు మమ్మల్ని గుడిసెల కాన్నే ఆపిండ్రు," అంది ముత్తక్క. "ఆడికి రానియ్యలే. నీ ముందర నిలబెట్టినప్పుడు మా ఆయన ఏం జేసిండు? నువ్వొక్కదానివే చెప్పాలె."

రెండేళ్లలో ఈ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు. తనకు తానూ వేసుకోలేదు.

"ఏం చెయ్యలే. రెండు చేతులూ నా మొహం ముందర చాపిండు," అంది మనోజ్ఞ. "దండం పెడుతున్నడనుకున్న."

ముత్తక్క తన రెండు అరచేతులూ విప్పి మనోజ్ఞ ముక్కు దగ్గరగా పెట్టింది.

"గిట్లనా?"

"అవ్."

"దండం గిట్ల పెట్టరు," అంది ముత్తక్క. "ఆయన చేతులు చూడమన్నడు."