వెచ్చగా దాచిన శాంపిల్

యూరిన్ రిపోర్టులో బ్యాక్టీరియా ఉందని చదవగానే బేకరీ ఆవిడ హడలిపోయింది. తమ్ముడికి కిడ్నీ ఇస్తానని మాటిచ్చింది కాబట్టి గానీ, లేకపోతే ఆవిడ ఆసుపత్రి గడప తొక్కే మనిషి కాదు. రక్తం కలిసింది, గుండె బాగుంది. అంతా అయ్యాక ఈ మాయదారి యూరిన్ డబ్బా అడ్డం పడింది. రోగమున్న కిడ్నీ ఎవరిక్కావాలి?

తమ్ముడికి ఫోన్ చేసి చెప్పింది.

"పోనీలే అక్కా. నీ ఒంటి మీద కత్తి పడటం నాకసలే ఇష్టం లేదు," అన్నాడు వాడు తేలిగ్గా. వాడు తేలిగ్గా అన్నకొద్దీ ఆవిడ గుండె బరువెక్కింది.

"నీళ్ళు తాగవే, తాగవే అని మొత్తుకుంటే విన్నావా?" అని మొగుడు ఎత్తిపొడిచాడు. పొడిచి ఊరుకోలేక, కొట్టు మూసి ఆవిడ వెంట డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరాడు.

డాక్టరమ్మ రిపోర్టు చూసి, "మంటగా ఉంటోందా అమ్మా? జ్వరం గానీ, నడుము నొప్పి గానీ?" అని అడిగింది.

"ఏమీ లేవండీ."

"చీము కణాలు కూడా లేవు. పైగా ఇందులో నాలుగైదు రకాల బ్యాక్టీరియా కలగాపులగంగా ఉంది. ఇన్ఫెక్షనే అయితే మామూలుగా ఒకే రకం పెత్తనం చేస్తుంది. ఇది చర్మం మీదున్నది డబ్బాలో పడి పెరిగినట్టుంది. శాంపిల్ పట్టిన ఎంతసేపటికి ఇచ్చారు?"

ఆవిడ మొగుడి వంక చూసింది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"తెల్లారే పట్టిందండీ. రొట్టెలు దిగాక నేనే పట్టుకెళ్ళాను. ఈలోగా చల్లారితే పాడవుతుందేమోనని, పిండి పొంగడానికి పెట్టే అరలో, ఓ మూల వెచ్చగా... మూత గట్టిగానే బిగించానండీ!"

డాక్టరమ్మ పగలబడి నవ్వింది. "పిండి పొంగే వెచ్చదనంలో పెడితే అవి మాత్రం ఊరుకుంటాయా? చల్లగా ఉంచాలి, లేదా వెంటనే ఇచ్చెయ్యాలి."

ఇంత భయమూ ఈయనగారి ప్రేమ వల్ల వచ్చిందని తెలిసి, తిట్టాలో నవ్వాలో ఆవిడకి పాలుపోలేదు. ఈసారి శుభ్రంగా కడుక్కుని, మొదట వచ్చేది వదిలేసి మధ్యలోది పట్టి, అక్కడి ల్యాబులోనే ఇచ్చింది. డబ్బా మొగుడి చేతికి అందనివ్వలేదు.

రెండో రిపోర్టులో ఏ బ్యాక్టీరియా లేదు. ఆపరేషన్‌కి ఇక ఏ అడ్డూ లేదంది డాక్టరమ్మ. ఆవిడకి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆసుపత్రి మెట్ల మీదే కూలబడి తమ్ముడికి ఫోన్ కలిపింది.

"ఒరేయ్, నాకేం లేదట్రా! ఇచ్చేస్తున్నాను!"

మొగుడు కూడా ఫోను దగ్గరికి చెవి పెట్టాడు.

"అక్కా," అన్నాడు తమ్ముడు. "నాకు బతకాలని ఉందే."

ఇన్నాళ్ళలో వాడు ఆ మాట అనడం అదే మొదలు. ఆవిడ మెట్ల మీద అందరూ చూస్తుండగానే భోరున ఏడ్చింది.