తెడ్డు చేతుల పిల్ల

లీగులో అయిదో స్థానం ఆ కాలేజీ పేరున రిజిస్టరై ఉందని జనం ఎగతాళి చేసేవారు. పైన నాలుగు పెద్ద కాలేజీలు. కింద ఉన్నవాళ్ళకు రింగుంటే వల ఉండదు, వలుంటే బంతిలో గాలి ఉండదు. మధ్యలో వీళ్ళు. ఓడిపోయామని ఏడవడానికి లేదు, గెలిచామని ఎగరడానికీ లేదు. ఆ కాలేజీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ టీముకు కోచ్‌గా ఉంటూనే మాస్టారి జుట్టు నెరిసిపోయింది.

ఆటగాళ్ళను వెతుక్కోవడం ఆయన పనిలో సగం. ఆ సగంలోనే ప్రాణం పోయేది. కప్పులు గెలిచిన పిల్లల్ని పెద్ద కాలేజీలు స్కూల్లో ఉండగానే ఎగరేసుకుపోతాయి. వాళ్ళు వదిలేసినవాళ్ళలోంచి మాస్టారు ఏరుకోవాలి. ఛైర్మన్ గారికి ఆట గొడవ పట్టదు. "పిల్లలు పొడుగ్గా ఉండాలి కోచ్ గారూ, క్యాలెండర్ ఫోటోలో నిండుగా కనపడాలి" అనేవారు. ఆ మాట పట్టుకుని ఒక ఏడు మాస్టారు గుమ్మంలో తల వంచుకుని రావాల్సినంత పొడుగు పిల్లను పట్టుకొచ్చారు. తీరా చూస్తే ఆ పిల్లకు బంతంటే భయం. బంతి తనవైపు వస్తే కళ్ళు మూసుకుని మొహానికి చేతులు అడ్డం పెట్టుకునేది. క్యాలెండర్‌లో మాత్రం దివ్యంగా పడింది.

అప్పట్నుంచి మాస్టారు కొలతలు మానేసి చేతులు చూడడం మొదలుపెట్టారు. బస్సులో చిల్లర అందుకునే చేతులు, బజారులో సంచులు విసిరే చేతులు. ఆడపిల్లల చేతులకేసి అలా చూస్తున్నందుకు ఒకటి రెండు చోట్ల చీవాట్లు కూడా తిన్నారు. ఆ తిరుగుడులోనే లాండ్రీ దొరికింది.

లాండ్రీ అంటే పిల్ల పేరు కాదు. వాళ్ళమ్మ ఇరుకు సందులో ఇస్త్రీ కొట్టు నడిపేది. సందుకు అటూ ఇటూ మూడంతస్తుల ఇళ్ళు. ఆ పిల్ల మెట్లెక్కే బాధ పడకుండా ఇస్త్రీ బట్టల మూటను రోడ్డు మీద నుంచే పైకి విసిరేది. మూట వెళ్ళి బాల్కనీలో కుర్చీ మీద కూర్చునేది. మడత చెదిరేది కాదు. ప్యాంటు తీసుకోవడానికి వెళ్ళిన మాస్టారు నోరు తెరుచుకుని నిలబడిపోయారు. మర్నాడు అదే ప్యాంటు మళ్ళీ పట్టుకుని బయల్దేరబోతే భార్య గుమ్మంలో ఆపింది.

"ఇస్త్రీ చేసిందాన్నే మళ్ళీ ఇస్త్రీకి ఇస్తున్నారేంటండీ? ఒంట్లో బాగానే ఉందా?"

"ఈ ప్యాంటు కోసం కాదులే."

"మరి ఎవరి ప్యాంటు కోసం?"

ఆవిడతో మాటల్లో గెలవడం మాస్టారి వల్ల ఏనాడూ కాలేదు. ఆవిడ బ్యాంకులో కౌంటరు దగ్గర కూర్చునే మనిషి, ఎదుటివాడు నోరు తెరవకముందే వాడి అబద్ధం పసిగట్టేస్తుంది.

కొట్లో పిల్ల తల్లి బట్టల మీద నీళ్ళు చిలకరిస్తూ ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "ఆడితే మోకాళ్ళు పగులుతాయా సారూ?"

"పగులుతాయమ్మా. నా పిల్లల్లో మోకాలు పగలనిది ఒక్కర్తీ లేదు."

"నిజం చెప్పారు. తీసుకెళ్ళండి" అంది ఆవిడ.

అలా వచ్చిందా పిల్ల. మొదట్లో బంతిని కూడా మూట అనుకుని రెండు చేతులా ఎత్తి విసిరేది. తెల్లవారుతుండగానే, కోర్టులోకి ఇంకా ఎవరూ రాకముందే, మాస్టారు ఆ పిల్లతో మణికట్టు తిప్పించారు, మోకాలు వంచించారు, అడుగు మార్పించారు. ఎండ రింగు మీద పడే వేళకు బంతి వలలోంచి చప్పుడు లేకుండా జారేది. "భేష్. ఇంత చక్కటి చెయ్యి నేను చూళ్ళేదే" అనేవారు. అన్నాక చుట్టూ చూసుకునేవారు, ఎవరైనా విన్నారేమోనని.

ఆ భయానికి కారణం ఉంది. రెండో ఏడు పరీక్షలయ్యాక ఏ ఆటగత్తెయినా పిలిచిన కాలేజీకి వెళ్ళిపోవచ్చని లీగులో ఒక రూలు. ఆ రూలు రాసినవాడు పెద్ద కాలేజీలవాళ్ళ చుట్టమే అయివుంటాడని మాస్టారి నమ్మకం. సీజను చివర్లో, ఆ పెద్ద కాలేజీల్లో ఒకటైన కొండమీది కాలేజీ కోచ్ చంకలో కొత్త బూట్ల డబ్బాతో వచ్చి, గ్యాలరీ చివరి వరసలో కూర్చునేవాడు. ఆట అయ్యాక డబ్బా ఎవరి చేతికిస్తే ఆ పిల్ల కొండెక్కినట్టే. ఏళ్ళ తరబడి అదే తంతు. మాస్టారు ఎండలో నిలబడి పెంచడం, అతను నీడలో కూర్చుని కోసుకుపోవడం. మూడో ఏడు దాకా తన దగ్గరే ఉండి, తన చేతుల మీదుగా వీడ్కోలు తీసుకున్న మంచి ఆటగత్తె మాస్టారికి ఒక్కతి కూడా లేదు. ఒక్కసారి, ఒక్క పిల్లయినా పూర్తిగా తనదై ఉండాలని ఆయన కోరిక. పెద్ద కోరికేం కాదు, కానీ అది మనిషిని తినేసింది.

అందుకని ఒక ఎత్తు వేశారు. నలుగురిలో మంచి ఆటగత్తెను తిట్టాలి, చేతకానిదాన్ని ఆకాశానికెత్తాలి. అప్పుడు డబ్బా తప్పు చేతుల్లో పడుతుంది.

"అవి చేతులా తెడ్లా? బంతి వాళ్ళకిచ్చి పక్కకి తప్పుకో." ప్రాక్టీసులో జనం ఉన్నారంటే చాలు, లాండ్రీ మీద ఇదే కేక. మ్యాచుల్లో ఆ పిల్లను బెంచి మీంచి లేవనిచ్చేవారు కాదు. మిగతా పిల్లలు కూడా ఆ పాటే అందుకున్నారు. "తెడ్డూ, నీళ్ళసీసా అందుకో" అనేవారు. లాండ్రీ నవ్వి అందుకునేది.

పొగడ్తలన్నీ సెల్ఫీకి. సెల్ఫీ అంటే ఛైర్మన్ గారి మేనకోడలు. బంతి పట్టుకున్న సేపటికన్నా ఫోను పట్టుకున్న సేపే ఎక్కువ. "అబ్బ, ఏం ఒడుపు, ఏం చురుకు" అని మాస్టారు గ్యాలరీకి వినపడేలా అంటుంటే రిఫరీ కూడా వెనక్కి తిరిగి చూసేవాడు.

కిందటేడు ఎత్తు పారింది. కొండమీది కోచ్ దిగి వచ్చి డబ్బా తిన్నగా సెల్ఫీ చేతిలో పెట్టాడు. ఛైర్మన్ గారు ఉబ్బి తబ్బిబ్బయి, "మన శిక్షణ కొండమీదికి చేరింది" అని కాలేజీ గేటుకు బ్యానరు కట్టించారు. మాస్టారు ఇంటికి పోయి చంకలు గుద్దుకున్నారు.

భార్య మొత్తం విని, "ఇదంతా నాటకమని ఆ పిల్లకి చెప్పారా?" అని అడిగింది.

"చెప్తే మొహంలో తెలిసిపోదూ? ఒట్టి అమాయకురాలు. గుట్టు దాచుకోలేదు."

"అయితే ఏడాదిగా నలుగురిలో తిట్లు తింటోందన్నమాట."

"పొద్దున్న పొగుడుతున్నాగా."

"మా అమ్మ ఇచ్చిన పింగాణీ ప్లేట్లు పగులుతాయని నేనూ అటక మీద పెట్టాను. బాగా దాచాను. ఇప్పుడు దించితే ఒక్కటీ వాడడానికి లేదు, అటక మీది వేడికి అన్నీ బీటలిచ్చాయి. దాచడం గొప్ప కాదండీ" అందావిడ.

"ప్లేట్లు వేరు, పిల్లలు వేరు" అన్నారు మాస్టారు. అక్కడికి తనే గెలిచాననుకున్నారు.

ఈ ఏడు చిత్రం జరిగింది. నాలుగో స్థానంలో ఉన్న కాలేజీ వరసగా ఓడుతూ వీళ్ళ దరిదాపుల దాకా జారింది. ఆఖరి మ్యాచ్ వాళ్ళతోనే. గెలిస్తే వీళ్ళు నాలుగో స్థానం. ఛైర్మన్ గారు ముందు వరసలో ఫోటోగ్రాఫరుతో సహా దిగారు. లాండ్రీ తల్లి కొట్టు మూసేసి, కూతురి ఆట చూడడానికి మొదటిసారి వచ్చి ఒక మూల ఒదిగి కూర్చుంది. మాస్టారి భార్య వెళ్ళి ఆవిడ పక్కనే చోటు చూసుకుంది.

మాస్టారు గ్యాలరీ అంతా కళ్ళతో వెతికారు. చివరి వరస ఖాళీ. బూట్ల డబ్బా లేదు. పోయిన ప్రాణం లేచొచ్చింది. "లాండ్రీ, లే. మొదటినుంచీ నువ్వే" అన్నారు.

ఆ పిల్ల వెనక్కి చూసింది, ఇంకెవరినైనా అంటున్నారేమోనని.

సగం ఆట దాకా మాస్టారికి మతి పోయింది. లాండ్రీ ఖాళీలోకి దూసుకుపోతుంది, బంతి అందుకుంటుంది, రింగు ఎదురుగా నిలబడుతుంది. అంతలో బంతిని పక్కవాళ్ళకిచ్చేస్తుంది, కాలే ఇస్త్రీపెట్టె పట్టుకున్నట్టు. పక్కవాళ్ళు వేస్తే పడదు. మధ్య విరామంలో మాస్టారు ఆ పిల్లను స్తంభం చాటుకు తీసుకెళ్ళారు.

"వెయ్యవేంటే?"

"వెయ్యమంటారా సార్? అందరూ ఉన్నారుగా."

ఆ మాటకు అర్థమేమిటో ఆలోచించే తీరిక ఆయనకెక్కడిది. "పొద్దున్న వేసినట్టు వెయ్యి. నా మాట విను" అన్నారు.

వేసింది. మొదటిది రింగు అంచు తగిలి బయటపడింది. రెండోది పడింది. ఆ తర్వాత ఆ పిల్ల చెయ్యి లేస్తే చాలు, వల కదిలేది. తెడ్డూ అని పిలిచిన నోళ్ళే "లాండ్రీ, లాండ్రీ" అని అరిచాయి. ముందు వరసలో ఛైర్మన్ గారు "ఎవరా పిల్ల, మన కాలేజీయేనా?" అని పక్కాయన్ని అడిగారు. మూల కూర్చున్న తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మాస్టారు కాలు కాలిన పిల్లిలా గీత పొడుగునా తిరుగుతూ, ఇన్నేళ్ళలో మొదటిసారి హాయిగా నవ్వారు.

ఒక్క పాయింటు వెనక. కొద్ది క్షణాల ఆట మిగిలింది. బంతి లాండ్రీ చేతికొచ్చింది. ఎదురుగా అడ్డెవరూ లేరు. ఆ పిల్ల మోకాలు వంచింది, మణికట్టు తిప్పింది. సరిగ్గా అప్పుడు మాస్టారి చూపు గ్యాలరీ మీదికి పోయింది. చివరి వరసలో కొండమీది కోచ్. చంకలో డబ్బా.

నోరు ఆయన్ని అడగలేదు. రెండేళ్ళ అలవాటు, తన్నుకుని బయటికొచ్చింది.

"అవి చేతులా తెడ్లా? బంతి వాళ్ళకిచ్చి పక్కకి తప్పుకో!"

లేచిన చెయ్యి గాల్లోనే ఆగింది. లాండ్రీ చెప్పినట్టే బంతిని పక్కపిల్లకిచ్చి, చెప్పినట్టే పక్కకు తప్పుకుంది. పక్కపిల్ల బిక్కమొహం వేసి విసిరింది. బంతి రింగు దాకా కూడా పోలేదు. విజిలు మోగింది.

అయిదో స్థానం మళ్ళీ ఖాయమైంది. ఛైర్మన్ గారు ఫోటోగ్రాఫరును వెంటబెట్టుకుని, మాస్టారి వైపు చూడకుండా వెళ్ళిపోయారు. జనం మాత్రం కదల్లేదు, ఏం జరిగిందో అర్థంకాక చెవులు కొరుక్కుంటున్నారు.

లాండ్రీ బెంచి మీద కూర్చుని బూట్ల తాళ్ళు విప్పుకుంటోంది. పక్కన తల్లి నిలబడి ఉంది. మాస్టారు దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి నీళ్ళు నమిలారు. "ఆ తిట్లు నిజం కాదమ్మా. అదంతా నాటకం. నిన్ను ఎవరూ ఎత్తుకుపోకూడదని..."

"ఏది నాటకం సార్?" లాండ్రీ తలెత్తింది. గొంతులో కోపం లేదు, అదే ఆయనకు ఎక్కువ కష్టంగా తోచింది. "పొద్దున్న ఎవరూ లేనప్పుడు చెప్పేదా, అందరి ముందూ చెప్పేదా? నాకు తెలీలేదు. నేను బాధపడకూడదని పొద్దున్న అబద్ధం చెప్తున్నారేమో అనుకున్నాను. నిజం అయితే అందరి ముందూ చెప్తారుగా."

"మోకాళ్ళు పగులుతాయన్నారు సారూ" అంది తల్లి. "నిజం చెప్పే మనిషి అని పంపాను."

మాస్టారు భార్య వైపు చూశారు. ఆవిడ వెళ్ళి లాండ్రీ తల్లి పక్కన నిలబడింది. చివరి వరసలో కొండమీది కోచ్ ఇంకా కూర్చునే ఉన్నాడు. ఆలస్యంగా వచ్చాడు, ఆఖరి ముక్క ఒక్కటే చూశాడు. అతను చూసిందల్లా ఒక పిల్ల తిట్లు తిని బంతి వదిలేయడం. డబ్బాను పక్కన పెట్టి, ఇవాళ ఎవరూ లేరన్నట్టు ఆవలించాడు.

మాస్టారికి తెలుసు. ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు, పిల్ల మూడో ఏడు కూడా తన దగ్గరే ఉంటుంది. ఎవరూ ఎత్తుకుపోరు. ఎత్తుకుపోవడానికి ఏమీ మిగలదు కూడా.

ఆయన కోర్టు మధ్యకు నడిచారు. సిగ్గుతో చెవులు మండుతున్నాయి. "ఈ పిల్ల..." అని ఆగారు. మళ్ళీ మొదలుపెట్టారు. "నేను ఇన్నేళ్ళుగా కోచింగ్ ఇచ్చినవాళ్ళందర్లోకీ ఈ పిల్ల చెయ్యి గొప్పది. ఇవాళ ఓడింది ఈ పిల్ల కాదు, నేను. పడే బంతిని నేను ఆపాను."

లాండ్రీ లేచి, ఒక కాలికి బూటుతో, ఒక కాలికి లేకుండా, కోర్టు మధ్యకు వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. కళ్ళనిండా నీళ్ళు.

"ఇంకోసారి చెప్పండి సార్" అంది. "వెనకాలవాళ్ళకి వినపడి ఉండదు."

వెనకాల ఉన్నది ఒక్కడే. మాస్టారు ఆ చివరి వరసకేసి చూశారు, ఊపిరి పీల్చుకున్నారు, ఇంకాస్త గట్టిగా, మాట మాటా విడదీసి మళ్ళీ చెప్పారు. కొండమీది కోచ్ ఆవలింత మధ్యలో ఆపి, డబ్బా చంకన పెట్టుకుని మెట్లు దిగడం మొదలుపెట్టాడు. మాస్టారు గొంతు తగ్గించలేదు.