ఐస్‌క్రీం పార్లర్‌లో ధ్రువకాంతి

చౌటుప్పల్ హైవే మీద బాలకృష్ణన్న కొత్తగా తెరుస్తున్న ఐస్‌క్రీం పార్లర్‌లో గోడకు బొమ్మ వేసే పని నాకు దక్కిందంటే మా అబ్బా ముందు నమ్మలేదు. నాన్నే అయినా, ఆయన ఎన్నో ఏళ్ళుగా సైన్‌బోర్డులు రాసే మనిషి.

"గీ గోడ నలుగురు మెచ్చుకుంటే బొమ్మలే ఏసుకో ఉజ్మా. లేకుంటే మందుల కంపెనీల ప్యాకింగ్ పనికి పోవాలె," అన్నాడు. సరేనన్నాను.

బాలకృష్ణన్న ఫోన్లో చూపించిన ఫొటో ధ్రువకాంతులది. మంచు కొండలు, చలికాలపు రాత్రి, ఆకాశం నిండా ఆకుపచ్చ వెలుగు. మంచు నేను ఫ్రిజ్‌లో తప్ప చూసిందెక్కడ? చెమట తుడుచుకుంటూ వేశాను. ఒక్కచోట నిలబడితే ఒట్టు. నిచ్చెన దిగడం, దూరం నుంచి చూడటం, మళ్ళీ ఉరికొచ్చి దిద్దడం. కొండలు కుదిరాయి. వెలుగే చాల్లేదనిపించి, తెరిచే రోజు పొద్దున కూడా ఆకుపచ్చ మీద ఆకుపచ్చ పూశాను.

వచ్చినవాళ్ళు "అబ్బ, సల్లగుంది" అంటుంటే నా కాళ్ళు నేల మీద ఆగలేదు. అప్పుడే మందుల కంపెనీల వెనక ఉండే బిక్షమ్మవ్వ మనవరాలితో లోపలికొచ్చింది. ఆరని రంగు వాసన గదంతా ఉంది. ఆమె గోడ చూసి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, పిల్లను రెక్క పట్టి బయటికి లాగింది.

"గ్యాసిడిసిండ్రు! ఉరుకుండ్రి!"

అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. వెనకే వెళ్ళి, "అవ్వా, అది బొమ్మ. మంచు దేశంల మొగులు గట్లనే ఎలుగుతది," అన్నాను.

ఆమె కొంగు తియ్యలేదు. "గా దేశంల గూడ మందుల కంపెనీలున్నయా బిడ్డా? గ్యాసిడిసిన రాత్రి మా దిక్కు మొగులు గిట్లనే ఉంటది. తెల్లారి గీ పిల్ల కండ్లు తెరువది."

నవ్వులు ఆగిపోయాయి. ఒకరిద్దరు కప్పులు సగంలోనే వదిలి లేచారు. బాలకృష్ణన్న ముఖం మాడింది. "నా గిరాకీ ఖరాబైతాంది. జర తెల్లరంగు ఏసెయ్యుండ్రి," అన్నాడు.

నేను కదల్లేదు. అబ్బా రోలర్ తెచ్చి నా ఆకాశం మీద తెల్లగా లాగడం మొదలుపెట్టాడు. ఏడుపొచ్చింది. ఆయన మీద, అవ్వ మీద, అందరి మీదా కోపమొచ్చింది.

"కంపెనీకి ఎప్పటి సంది పోవాలె?" అని కసిగా అడిగాను.

ఆయన చెయ్యి ఆగింది. అద్దం తలుపు అవతల బిక్షమ్మవ్వ ఇంకా పిల్ల ముక్కు మూసే పట్టుకుంది. అబ్బా అటు చూసి రోలర్ కింద పెట్టాడు.

"నిన్ను గాడికి తోలుదామనుకున్న గద నేను," అన్నాడు. "వద్దు బేటీ. ఇంకో గోడ ఎతుకుదాం."