ఊరికే ఉన్న చెయ్యి

"ఏందమ్మీ, ముగ్గు దినదినానికీ చిన్నదైపోతాండాది? పిండికేమన్నా కరువొచ్చిందా?" అంది అత్త కుళ్ళాయమ్మ, గడపలో నిలబడి. ప్రమోద వంగినది వంగినట్టే ముగ్గు వైపు చూసుకుంది. మొదటి వరస చుక్కలు ఎప్పటిలాగే దూరదూరంగా పడ్డాయి. చివరి వరసకొచ్చేసరికి ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి. ఆమె పెద్దగా వెయ్యాలనే వేసింది. చెయ్యే మాట వినలేదు.

ఆ ఇంట్లో ఆమె మీద ఫిర్యాదులకు మాత్రం ఎన్నడూ కరువు లేదు. ధర్మవరంలో వాళ్ళది పట్టుచీరల వ్యాపారం. ఆదివారాలు పెళ్ళివాళ్ళొస్తే ముందుగదిలో చాప మీద చీరలు విప్పి చూపించడం ఆమె పని. "మొగం అట్ల మాడ్చుకోని కూచుంటే కొనేటోళ్ళు గూడా లేచిపోతారు. ఒక్క నవ్వు నవ్వితే నీ సొమ్మేం పోతాది?" అన్నాడు భర్త కేశవ, వచ్చినవాళ్ళ ముందే. ఆమె నవ్వుతున్నాననే అనుకుంది పాపం. మాట గొణుగుతుందని ఒకరు, కాళ్ళీడుస్తూ నడుస్తుందని ఒకరు. ఉద్యోగం చేసే ఆడదానికి ఇంటిమీద మనసెక్కడుంటుందని ఇద్దరూ. నాలుగింటికే లేచి రెండు పూటలకూ వండిపెట్టి పోయే మనిషిని పట్టుకుని అనే మాట అది.

ఆమె ఉద్యోగం హిందూపురంలో, నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెప్పడం. పొద్దున ప్యాసింజరు బండిలో కిటికీ పక్కన చోటు దొరికితే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. రోజు మొత్తంలో ఆమెకు దక్కే ఖాళీ అదొక్కటే. రెండు నెలల కిందట, పెనుకొండలో కొత్తిమీర గంపతో ఎక్కిన బాలమ్మ ఎదురుగా కూర్చుని, "ఏమ్మా, ఆ చెయ్యి అట్ల వణుకుతాండాది? జ్వరమా?" అని అడిగింది. ప్రమోద కిందికి చూసుకుంది. కుడిచేతి బొటనవేలు చూపుడువేలి మీద మాత్ర చుడుతున్నట్టు కదులుతోంది. నాడీ జబ్బుల పాఠంలో ఆ కదలికను పదిహేనేళ్ళుగా పిల్లలకు చేసి చూపిస్తున్నది ఆమే. ఇప్పుడు చెయ్యి తనంతట తానే చేస్తోంది. ముగ్గులోలా చిన్నదైపోయే రాత, నవ్వు పలకని ముఖం, ఈడ్చే నడక, అణిగిన గొంతు. అత్తా మొగుడూ కలిసి పాఠమంతా రోజూ అప్పజెబుతూనే ఉన్నారు. టీచరమ్మకే ఎక్కలేదు.

బెంగళూరు డాక్టరు పార్కిన్సన్సే అన్నాడు. మందులతో కొన్నాళ్ళు నెట్టుకురావచ్చు గానీ నయం కాదని ఆయన చెప్పకముందే ఆమెకు తెలుసు. తెలియనిదల్లా, రేపు తన నోటికి ముద్ద అందించేది ఎవరన్నదే. అది తేల్చుకుందామనే నిన్న సాయంత్రం వంకాయలు తరుగుతూ కేశవకు విషయం చెప్పింది. అతను ఆమె చేతివైపు చూశాడు. కత్తిపీట మీద చెయ్యి తిన్నగా ఆడుతోంది.

"యాడుండాది వణుకు? బాగనే తరుగుతాండావే. పిల్లోళ్ళకు జబ్బులు చెప్పీ చెప్పీ నీకు అనుమానం పట్టుకున్నింది," అన్నాడు.

ఆమె డాక్టరు కాగితాలు తియ్యబోయింది. ఇంతలో కోడలు మంచాన పడితే నన్నెవరు చూస్తారని అత్త లోపల్నుంచి ఏడుపు లంకించుకుంది. కాగితాలు సంచిలోనే ఉండిపోయాయి. కూర పొయ్యి మీదికెక్కింది. తను అడగాలనుకున్న ప్రశ్నకు జవాబు దొరికిపోయిందని ప్రమోదకు అర్థమైంది.

ఈరోజు క్లాసులో ఆ నాడీ జబ్బుల పాఠమే. జబ్బును ముందుగా కనిపెట్టేది ఇంట్లోవాళ్ళేనని పుస్తకంలో ఉన్న వాక్యాన్ని కొట్టెయ్యమంది. ఆసుపత్రికి ఆడమనిషి వస్తే, ఆమెకేమైందని ఇంట్లోవాళ్ళను అడగొద్దంది. ఆమె మీద మీకేమేం ఫిర్యాదులున్నాయని అడిగి, వాళ్ళు చెప్పిందంతా రాసుకోమంది. పిల్లలు తలలు వంచుకుని రాసుకున్నారు.

మొదటి బెంచీలో వైష్ణవి లేచింది. "మిగతావంటే సరే మేడం. చెయ్యి వణికేది గూడా ఇంట్లోవాళ్ళకు కనపడదా?"

క్లాసులో ఎప్పుడూ సుద్దముక్క వదలని ప్రమోద, దాన్ని పక్కన పెట్టింది. కుడిచెయ్యిని అందరికీ కనిపించేలా బల్ల మీద ఆనించింది. కాసేపటికి వేళ్ళు మొదలుపెట్టాయి. పిల్లలు రాయడం ఆపేశారు.

"పని చేస్తాన్నంతసేపూ ఇది వణకదు. ఊరికే పెడితేనే వణుకుతాది," అంది ప్రమోద. "మా ఇంట్లో ఈ చెయ్యి ఊరికే ఉన్నింది ఇంతవరకూ ఎవురూ చూళ్ళేదు."