డిస్కుకు పూసిన నూనె

ఆయుధపూజ మరునాడు ఉదయం తిరుత్తణి కొండదారి దిగుతుండగా అభినయ కొత్త సైకిలుకున్న చవకరకం హైడ్రాలిక్ డిస్క్ బ్రేకు పట్టలేదు. ఆమె మట్టిగట్టుకు తోలి ఆపుకొంది. దెబ్బ తగల్లేదు.

ఇంటికొచ్చి చూస్తే డిస్కు జిడ్డుగా ఉంది.

“తాతా, దీనికి నూనె పూసినావా?”

“పూజకు మగ్గానికి పూస్తా ఉంటిమి కదమ్మా. మీ అవ్వ పోగు నేసే నాడెకు, నేను చట్రానికి. మగ్గం అమ్మేసినాక ఇంట్లో పూజకు ఇదొక్కటే ఉండాది,” అన్నాడు దండపాణి. “నూనెతో పనిచేసే బ్రేకని నువ్వే కదా చెప్పినావు?”

“ఆ నూనె పైపు లోపల ఉండాల తాతా! డిస్కుకు తగిలితే నన్ను కొండకింద ఏరుకోవాల్సిందే.”

అభినయ డిస్కును స్పిరిటుతో తుడిచి, ప్యాడ్లు మార్చింది. సాయంత్రం వీధిలో తొక్కి చూస్తే బ్రేకు పట్టింది. దండపాణి హ్యాండిల్‌కు కుంకుమ పెట్టాడు.