ముందు గట్టి, వెనక మెత్త

నాకు ముక్కుమీద కోపమని మా వదిన ఎప్పుడూ అంటుంది. అననివ్వండి. ఈ సంగతి విన్నాక కూడా నాది ఉత్త కోపమేనని ఎవరైనా అంటే అప్పుడు చూద్దాం.

నేను రేసు కారు నడుపుతాను. కారు నాది కాదు, టీమ్ యజమానురాలిది. ఆవిణ్ణి అందరం మేడమ్ అంటాం. కారు బాగోగులు చూసే మెకానిక్కు మా అన్నయ్య. పోయిన సీజన్‌లో పొడుగు మలుపు దగ్గర పల్టీ కొట్టాను. భుజం ఎముక విరిగింది. అంబులెన్సు కంటే ముందు ట్రాక్ పక్కనున్న కంకరలో పరిగెత్తుకొచ్చి నన్ను బయటికి లాగింది అన్నయ్యే. ఎముక అతుక్కోగానే మళ్ళీ నడుపుతానన్నాను. మేడమ్ సరేనని, కారుకి కొత్త సస్పెన్షన్ వేయిద్దామంది. అన్నయ్య అవుననలేదు, కాదనలేదు.

కొత్త స్ప్రింగులు, కొత్త షాకబ్జార్బర్లు వచ్చాయి. ఒక్కోదానికి నెత్తిన చిన్న మర ఉంటుంది. కుడికి తిప్పితే టక్కుమని ఒక్కో మెట్టూ గట్టిపడుతుంది, ఎడమకు తిప్పితే మెత్తబడుతుంది. ముందువీ వెనకవీ కుదిరితే కారు చెప్పిన మాట వింటుంది. ముందువైపు మరీ గట్టిగా ఉంటే మాత్రం స్టీరింగ్ ఎంత తిప్పినా వినకుండా మలుపు బయటికి జారిపోతుంది.

మా ఇద్దరికీ ఒక పద్ధతి ఉంది. అన్నయ్య మరలు తిప్పుతుంటే నేను చూడను, గోడకేసి తిరిగి నిలబడతాను. ఎంత తిప్పాడో తెలిస్తే బుర్ర ముందే ఏదో అనేసుకుంటుంది, ఒళ్ళు చెప్పేది వినదు. అందుకని తను తిప్పింది చెప్పడు. నేను నడిపొచ్చి ఏ మలుపులో ఎలా ఉందో చెబుతాను. పక్క టీమ్ వాళ్ళు దాగుడుమూతలా అని ఎగతాళి చేసేవారు. చేస్తే చేశారు, గెలిచింది మేమే.

కొత్త సస్పెన్షన్‌తో మొదటిరోజే తేడా కొట్టింది. ప్రతి మలుపులోనూ కారు మొండికేసింది. వచ్చి చెప్పాను. గోడకేసి తిరిగాను. వెనక టక్కు టక్కుమని చప్పుడు వినిపించింది. మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ అదే కథ. వారాల తరబడి ఇదే తంతు. అన్నయ్య గొంతు పెంచకుండా చెప్పేవాడు, కారు సరిగ్గానే ఉందని, నేనే బెదిరిపోయి ముందుగా బ్రేకు తొక్కుతున్నానని, మనసులో భయముంటే చేతుల్లోకి దిగుతుందని.

ఆ మాట ఇంకెవరన్నా అనుంటే చెంప పగలగొట్టేదాన్ని. అన్నయ్య అన్నాడు కాబట్టి నమ్మాను. ఇంట్లో కూర్చుని నా చేతుల్ని నేనే చూసుకునేదాన్ని. కాఫీ కప్పు పట్టుకుంటే వణుకుతున్నాయేమోనని అనుమానం. చిన్నప్పటి నుంచీ నాకు చేతనైంది ఇదొక్కటే, అదీ పోయిందని దిండులో తల దాచుకుని ఏడ్చాను. చివరికి మేడమ్ దగ్గరికి వెళ్ళి నా సీటు ఇంకెవరికైనా ఇచ్చేయమన్నాను. తల కొట్టేసినట్టయింది. ఆరోజు అన్నయ్య నన్ను తన ఇంటికి తీసుకెళ్ళాడు. వదిన కొసరి కొసరి వడ్డించింది. మంచి పని చేశానని ఇద్దరూ మెచ్చుకున్నారు.

కొత్త డ్రైవరు వచ్చిన ఉదయం, నా హెల్మెట్టూ గ్లౌజులూ తెచ్చుకుందామని షెడ్డుకి వెళ్ళాను. ఆయన ఆఫీసు గదిలో మేడమ్‌తో మాట్లాడుతున్నాడు. షెడ్డులో అన్నయ్య ఒక్కడే బానెట్ ఎత్తి మర మీద వంగి ఉన్నాడు. ఎడమకు తిప్పుతున్నాడు. టక్కు, టక్కు, టక్కు. ఎంతకీ ఆపడే! రెండోవైపుకి వెళ్ళి అక్కడా అంతే. తర్వాత డిక్కీ తెరిచి వెనకవి కుడికి తిప్పాడు. నేను గోడకేసి తిరగలేదు. ఇంక డ్రైవర్ని కాదుగా.

సరిగ్గా ఉన్న కారుని అంతలా తిప్పడమెందుకు? కొత్తాయన కోసం సరిచేస్తున్నాడు. నాకోసం చెయ్యలేదు. నమ్మించి గొంతు కోయడమంటే ఇదే.

హెల్మెట్టు పెట్టుకుని కార్లో కూర్చున్నాను. అన్నయ్య "వద్దు చిట్టీ" అంటూ తలుపు పట్టుకున్నాడు. విసురుగా లాగేసుకున్నాను.

మొదటి మలుపులో స్టీరింగ్ తిప్పీ తిప్పకముందే కారు ముక్కు లోపలికి వచ్చింది. పొడుగు మలుపులో, సరిగ్గా నేను పల్టీ కొట్టిన చోట, కాలు తీయకుండా వెళ్ళాను. కారు నేలని కరుచుకుని తిరిగింది. నా చేతులకేమీ కాలేదు. ఏనాడూ కాలేదు. హెల్మెట్టులో నవ్వూ ఏడుపూ కలిసి వచ్చి, కళ్ళు మసకబారి స్పీడు తగ్గించాల్సి వచ్చింది.

తిరిగొచ్చేసరికి మేడమ్ బయట నిలబడి ఉంది. తిట్టబోయి ఆగిపోయింది. నడపలేనన్నది ఇలాగేనా అని అడిగింది. కొత్తాయనకి తను సర్దిచెప్పుకుంటానని, ఆదివారం రేసు నన్నే నడపమని అంది. తలూపి షెడ్డులోకి వెళ్ళాను.

అన్నయ్య గుడ్డతో చేతులు తుడుచుకుంటూ చెప్పాడు.

"ముందు గట్టి, వెనక మెత్త. అలా పెడితే కారు తిరగదు గానీ పల్టీ కొట్టదు. నువ్వే విసిగిపోయి మానేస్తావనుకున్నా. నీకు చప్పుడు వినిపించాలని అటు తిప్పి మళ్ళీ ఇటు తిప్పేసేవాణ్ణి." నా భుజంకేసి చూశాడు. "ఆ కంకరలో నిన్ను లాగుతున్నప్పుడు నువ్వు బతికున్నావో లేదో నాకు తెలీదు."

జాలేసింది. అబద్ధమెందుకు, వేసింది. దాంతో కోపం రెట్టింపయింది.

"భయమేస్తోందని చెప్పుంటే పోట్లాడేదాన్ని. బతిమాలుంటే, ఏమో, మానేసేదాన్నేమో. నువ్వేం చేశావ్? నాకు చేతకాదని నాచేతే అనిపించావు."

"నీమీద ప్రేమతోనే కదే."

వేరే మెకానిక్కుని చూడమని మేడమ్‌తో చెబుతానన్నాను. అప్పుడు తలెత్తాడు. ఆదివారం ముంచుకొచ్చింది, ఈ కారు సంగతి ఇంకెవరికి తెలుసు, ముక్కూ మొహం తెలియనివాణ్ణి ఎలా నమ్ముతావని అడిగాడు.

"ఎవరైనా ఫర్వాలేదు" అన్నాను. "నామీద ప్రేమ లేనివాడైతే చాలు."