నిండు బావుల జాబితా

నాలుగో కట్టలో నూట పన్నెండో బావి. ఓబుళేసు పాత పుస్తకంలోని అంకె మీద వేలు ఆనించి, దాన్నే కొత్త ఫారంలో గడికొకటి చొప్పున దించుతున్నాడు. ఫారాలు హైదరాబాదు పోతాయి, అక్కడ కంప్యూటరు లెక్క తేలుస్తుంది. మొదటి మూడు కట్టలు ఇప్పటికే పోయాయి. ఉన్నదున్నట్టు దించు, గడి దాటితే మిషను ఒప్పదని సారు చెప్పినప్పటినుంచి ఊపిరి బిగబట్టి రాస్తున్నాడు, పిచ్చిమారాజు.

అనంతపురంలో ఆ నీటి కొలతల ఆఫీసుకు పంతొమ్మిదేళ్లుగా వస్తున్నా దినకూలీయే. జిల్లా అంతా తిరిగి, అడుక్కొక ముడి వేసిన తాడు బావుల్లోకి వదిలి కొలిచాడు. తాడు రాపిడికి అరచేతుల్లో గీతలు కూడా అరిగిపోయాయి. పెళ్లి లేదు, పిల్లల్లేరు. మడకశిర దగ్గర పల్లెలో ఒంటరిగా ఉన్న అక్క ఓబమ్మే అతనికి దిక్కు. ఎనభై మూడు ఎండాకాలం అది. ఆ ఊరి బావి ఎండి రెండు నెలలయింది. లెక్కలు నా చేతిమీదుగానే పోయినాయి, ట్యాంకరు తప్పకుండా వస్తుందని పోయిన వారమే ఆమెకు ధైర్యం చెప్పి వచ్చాడు.

పదకొండు గంటలకు హైదరాబాదు నుంచి ట్యాంకర్ల జాబితా దిగింది. ఓబుళేసు మూడుసార్లు వెతికాడు. ఊరి పేరు లేదు. సారును అడిగితే, మీ ఊరి బావి పొంగి పొర్లుతోందట కదా అని ఎగతాళి చేశాడు. ఫారంలో గడుల పైన ఏమడిగారో ఇంగ్లీషులో ఉంది. చదివి చెప్పమని ఓబుళేసు బతిమాలాడు. చదివేసరికి సారు గొంతు కూడా తగ్గింది.

పాత పుస్తకంలో రాసేది, బావి అడుగు నుంచి ఎంత ఎత్తున నీళ్లున్నాయని. కొత్త ఫారం అడిగేది, గట్టు నుంచి ఎంత కిందికి పోతే నీళ్లు తగులుతాయని. ఎండిన బావికి ఓబుళేసు సున్నా ఎక్కించాడు. గట్టు దాకా నిండిందనుకుంది మిషను. అట్లాంటి ఊళ్లు నలభై మూడు. అన్నీ అతని రాతే.

“తప్పు నాది సారూ. ఒక్క ట్యాంకరు పంపండి. ఆడ తాగను నీళ్లు లేవు.”

“జాబితాలో లేని ఊరికి నేనెట్ల పంపేదప్పా? ఫారాలు మళ్లా రాయి. వచ్చే నెల చూద్దాం.”

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ దేవుడూ ఇవ్వలేదు.

ఓబుళేసు కలం మూత పెట్టి బస్సెక్కాడు. అక్కకు ఏ మొహం చూపించాలా అని దారంతా కుమిలిపోయాడు. ఇంగ్లీషు రాకపోతే రాకపోయె, రాసేముందు ఒక్కమాట అడగడానికి నోరేమయిందని తనను తానే తిట్టుకున్నాడు.

పొద్దు వాలేవేళకు దిగితే పొరుగింటి మారెక్క ఎదురొచ్చింది. ఓబమ్మ శవాన్ని తాళ్లు కట్టి పైకి తీసి గంటయిందని చెప్పింది. అడుగున ఊరే చెమ్మను చిప్పతో తోడుకుందామని పొద్దున్నే బావిలోకి దిగిందట. మట్టి పెళ్ల విరిగి మీద పడిందట.

“నువ్వు చెప్పినావని వారమంతా రోడ్డు మీదే కూసోనుండె, ట్యాంకరు వస్తాదని. ఇంగ ఎన్నాళ్లని చూసేది? దిగింది,” అంది మారెక్క.

కాళ్లు ఇంటివైపు పోనంటే ఓబుళేసు బావి దగ్గరికే పోయాడు. గట్టు మీద, పెళ్ల విరగకముందు ఓబమ్మ తాడుకు కడితే తోడొచ్చినవాళ్లు పైకి లాగిన సత్తుబిందె ఉంది. అందులో నాలుగు వేళ్ల మేర నీళ్లు, బురద అడుక్కి దిగి.